మార్గమనే మాట

క్రీ.శ. 639 ప్రాంతంలో ఒక చైనా భిక్షువు మహారణ్యాలను దాటి కళింగదేశంలో అడుగుపెట్టాడు. ఆయన పేరు హ్యుయాన్‌త్సాంగ్. స్వదేశం విడిచి అప్పటికి దాదాపు పదేండ్లు. దేశపు ఎల్లలు దాటరాదన్న రాజాజ్ఞ అమలులో ఉండగా, రాత్రివేళ నడుస్తూ, కావలి బురుజుల కన్నుగప్పి బయటపడినవాడు ఆయన. కొంగోద రాజ్యం నుంచి నైరుతిగా పద్నాలుగు, పదిహేను వందల ‘లీ’ల దూరం అడవిలో ప్రయాణించి ఇక్కడికి చేరాడు. మూడు లీలు ఇంచుమించు ఒక మైలు.

తన యాత్రాగ్రంథంలో కళింగానికి ఆయన కేటాయించిన పుటలు కొద్దివే. కాని కన్ను పెట్టి చూసినవాడి రాత అది. ఇక్కడి ఎండ మండిపోతుందన్నాడు. పంటలు కాలానికి చేతికి వస్తాయనీ, పూలూ పండ్లూ విస్తారమనీ, వందల లీల పొడవునా అడవులున్నాయనీ, ఆ అడవుల్లోని ఏనుగులను పొరుగు రాజ్యాలవారు ఎంతో విలువైనవిగా ఎంచుతారనీ రాశాడు. ప్రజలు ఆవేశపరులు, మోటువారు. అయినా ఆడినమాట తప్పనివారు అన్నాడు. ఉత్తరాంధ్రులు ఇందులో మొదటి మాటకు నొచ్చుకొని, రెండోదానికి పొంగిపోవడం సహజం. రెండూ ఒకేచోట ఉన్నాయి కనుక ఒకటి ఏరుకొని మరొకటి పారవేయడానికి వీలులేదు. వారి పలుకు తేలికగా గలగలా సాగుతుందనీ, ఉచ్చారణ స్పష్టమనీ, మధ్యదేశపు మాటకూ దీనికీ భేదమున్నదనీ గుర్తించాడు. అది తెలుగో, ఒడియానో, సవరో చెప్పలేదు. విహారాలు పది, భిక్షువులు ఐదువందలమంది, దేవాలయాలు వందదాకా. అన్యమతస్థుల్లో నిర్గ్రంథులు, అంటే జైనులు ఎక్కువ. ఒకప్పుడు ఈ దేశంలో జనం భుజాలు రాసుకొనేటంత, బండి ఇరుసులు ఒరుసుకొనేటంత కిక్కిరిసి ఉండేవారట. ఒక ఋషి శాపం వల్ల పిల్లలూ పెద్దలూ అందరూ నశించారట. తరువాత ఇతర ప్రాంతాలవారు కొద్దికొద్దిగా వచ్చి చేరినా జనసంఖ్య పలచగానే మిగిలిందన్న కథను కూడా ఆయన నమోదు చేశాడు.

2022 సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం, విజయనగరంలో స్థిరపడిన ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు ఈ పుటలను సంచిలో పెట్టుకొని, మనవరాలిని వెంటబెట్టుకొని బయలుదేరారు. ఊరివారంతా ఆయనను మాస్టారు అంటారు. ఇక్కడా ఆ పేరే చాలు. మనవరాలు 2018లో వైద్యవిద్య కోసం చైనాలోని చెంగ్డూ నగరానికి వెళ్లింది. 2020 జనవరిలో, అక్కడి వసంతోత్సవపు సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చిన కొద్దిరోజులకే మహమ్మారి వ్యాపించింది; సరిహద్దులు మూసుకొన్నాయి. ఆ వేసవిలోనే గల్వాన్ లోయలో రక్తం చిందింది. రెండున్నర సంవత్సరాలు ఆ పిల్ల విజయనగరంలో ఒక గదిలో కూర్చొని, సెల్‌ఫోను తెరమీద వైద్యశాస్త్రం చదివింది. రోగి నాడి పట్టకుండా, గుండెచప్పుడు వినకుండా వైద్యురాలు కావడమెలాగన్నది ఆమె బాధ. 2022 ఆగస్టు చివర చైనా ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు తిరిగి వీసాలివ్వడం మొదలుపెట్టింది. దరఖాస్తు పత్రం ఇంట్లో బల్లమీద ఉంది. తండ్రి ఏమీ అనడు. తల్లి మాత్రం, “పంపడానికి నాకు మనసొప్పడం లేదు. మీరేం చెబితే అది, నాన్నా” అని భారం మాస్టారి మీద పెట్టింది. ఆయన ఒక రోజు గడువు అడిగారు. “ఆ దేశం నుంచి ఒకాయన మన దేశానికి వచ్చాడు. ఆయన నడిచిన సీమలో ఒక రోజు తిరిగి వస్తాం” అన్నారు.

రామతీర్థం విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల దాటాక వస్తుంది. భక్తులకు అది శ్రీరామచంద్రస్వామి క్షేత్రం. ఆలయం వెనుక మూడు కొండలు: బోధికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ. పేర్లలోనే చరిత్ర ఉంది. గురుభక్తులకొండ మీద అలెగ్జాండర్ రీ 1910-11లో తవ్వకాలు జరిపించి స్తూపాన్నీ, చైత్యాలనూ, భిక్షువుల గదుల వరుసలనూ వెలికితీయించాడు. తక్కిన కొండల మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఒక జైనాచార్యుని ఇక్కడ స్మరిస్తుంది. అది పదకొండో శతాబ్ది తొలినాళ్ల మాట. నిర్గ్రంథులు ఎక్కువన్న హ్యుయాన్‌త్సాంగ్ వాక్యాన్ని మాస్టారు కొండ మొదట నిలబడి చదివి వినిపించారు. ఆయన ఈ కొండ ఎక్కినాడనడానికి ఆధారం లేదు. కళింగ రాజధాని ఎక్కడన్న విషయంలోనే పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కన్నింగ్‌హామ్ రాజమహేంద్రవరమన్నాడు, ఇతరులు ముఖలింగమనీ, కళింగపట్నమనీ అన్నారు. అయినా ఆయన రాసింది ఇటువంటి కొండలను చూసే.

వానలకు కొండ పచ్చబడి ఉంది. ఇటుకగోడల నడుమ గడ్డి మోకాలెత్తు పెరిగింది. పైన మేకలు కాస్తున్న ముసలాయన పలకరించాడు.

“ఏటి మాస్టారూ, ఇటికలు సూడ్డానికొచ్చినారా? ఈ గుంట మీ మనవరాలా?”

“అవునయ్యా. చైనాలో చదువుతోంది.”

“సైనాలో కూడా మేకలుంటాయా?”

మనవరాలు నవ్వింది. చైనాను గురించి విజయనగరంలో ఆమెను అందరూ అడిగినవి వేరు: పాములు తింటారా, జబ్బు అక్కడినుంచే వచ్చిందా. మేకలను గురించి అడిగినవాడు ఇతడొక్కడే. చెంగ్డూలో మేకల పేరు మీద ఒక దేవాలయమే ఉందని ఆమె చెప్పింది. దాని పేరు చింగ్‌యాంగ్ గోంగ్, అంటే ఆకుపచ్చ మేకల మందిరం. అది బౌద్ధాలయం కాదు, తావో మతస్థులది. ఆ మతానికి మూలపురుషుడు లావోత్సు.

ఆ మందిరంలో ఒక రోజు గడపడం ఆమెకు చైనాలో మిగిలిన జ్ఞాపకాలన్నింటిలోకి ఇష్టమైనది. చదువుకు వెళ్లిన తొలి శీతకాలంలో, భాష రాక, తిండి పడక, ఇల్లు తలచుకొని ఏడ్చే రోజుల్లో, సహాధ్యాయిని ఒకతె ఆమెను అక్కడికి తీసుకువెళ్లింది. లోపలి అర్చకులు జుట్టు కత్తిరించరు. నడినెత్తిన సిగ ముడిచి దానికి పుల్ల గుచ్చుతారు. నీలిరంగు అంగీలు తొడుగుతారు, మాంసం ముట్టరు. ప్రధాన మందిరంలో రెండు కంచు మేకలున్నాయి. వాటిలో ఒకదానికి ఒకటే కొమ్ము. పరీక్షగా చూస్తే అది మేక కాదు, పన్నెండు జంతువుల కూర్పు: ఎలుక చెవులు, ఎద్దు ముక్కు, పులి గోళ్లు, పాము తోక... చైనావారి పన్నెండు సంవత్సరాల చక్రంలోని ప్రాణులన్నీ ఒకే శరీరంలో ఒదిగినవి. తమకు ఏ అవయవంలో బాధ ఉందో మేక శరీరంలో అదే భాగాన్ని తడిమితే నయమవుతుందని జనుల విశ్వాసం. చేతులు రాపిడి పడి కంచు అద్దంలా మెరుస్తుంది. “వైద్య విద్యార్థిని కదా, నవ్వొచ్చింది. కానీ తాతగారూ, నేను కూడా మేక కడుపు మీద చెయ్యి పెట్టాను. అన్నం తిని నాలుగు రోజులైంది మరి” అన్నది.

మేకల పేరు ఎందుకు వచ్చిందనడానికి అక్కడ ఒక కథ చెబుతారు. లావోత్సు లోకం మీద విసుగుతో పడమటి దిక్కుకు వెళ్లిపోతుండగా, సరిహద్దు కనుమ వద్ద కావలి అధికారి ఆయనను అడ్డగించాడు. తమకు తెలిసింది రాసి ఇస్తే గాని దాటనివ్వనన్నాడు. లావోత్సు అక్కడికక్కడే ఐదువేల మాటల గ్రంథం రాసి ఇచ్చి, చెంగ్డూలోని ఆకుపచ్చ మేకల అంగడిలో తరువాత కలుసుకొందామని చెప్పి వెళ్లాడట. ఎనభై ఒక్క చిన్న అధ్యాయాల ఆ గ్రంథమే తావో తే చింగ్. లావోత్సు చారిత్రక పురుషుడా, కల్పనా అన్న వివాదం పండితుల్లో ఉంది. సరిహద్దు వద్ద అధికారులు కాగితాలు అడగడం మాత్రం అప్పటినుంచే ఉన్నదని మాస్టారు చమత్కరించారు. మేకల కాపరి కథంతా శ్రద్ధగా విని, “రాయడం రానోడు ఎలా దాటతాడు బాబూ?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు తాతామనవరాళ్లలో ఎవరూ సమాధానం చెప్పలేదు.

శ్రీకాకుళం చేరేసరికి పన్నెండున్నర. రణస్థలం మీదుగా వచ్చిన బస్సు దిగి ఒక భోజనశాలలో కూర్చున్నారు. అరటాకు, పప్పు, వంకాయ కూర, పులుసు, గోంగూర పచ్చడి. మాస్టారు అన్నం కలుపుతూ మరొక పుట గుర్తుచేశారు. భారతీయులు గరిటెలూ పుల్లలూ లేకుండా వేళ్లతో తింటారనీ, భోజనానికి ముందు స్నానాదులతో శుచి అవుతారనీ, మిగిలిన ఎంగిలి మళ్లీ వడ్డించరనీ, మట్టిపాత్రను వాడాక పారవేస్తారనీ హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. తన దేశపు అలవాటుతో పోల్చి నవ్వలేదు. కొత్త దేశపు భోజనాన్ని గురించి రాసేవారిలో అది అరుదైన గుణం.

తిండి విషయంలో మనవరాలికి చెప్పవలసింది చాలా ఉంది. చెంగ్డూ సిచువాన్ రాష్ట్రానికి రాజధాని. చైనాలో కారానికి పేరుపొందిన సీమ అది. అక్కడి వంటలో మిరపకాయతోపాటు హువాజియావ్ అనే ఒక గింజ పొట్టు వేస్తారు. కారం మండిస్తే అది నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. ఝుమ్మనే ఆ అనుభవానికి వారి భాషలో వేరే మాటే ఉంది. మిరపకాయ మనదీ కాదు, వారిదీ కాదు. పదహారో శతాబ్దిలో సముద్రాలు దాటి అమెరికా ఖండాల నుంచి ఆసియాకు వచ్చింది. అయినా గుంటూరువారిని అడిగినా, చెంగ్డూవారిని అడిగినా తాతలనాటిదంటారు. ఇక అక్కడి ఇండ్లలో ఊరగాయ జాడీ చూసినప్పుడు ఆమెకు అమ్మమ్మ వంటగది కళ్లముందు నిలిచిందట. మనం జాడీకి గుడ్డతో వాసెన కడతాం. వారు జాడీ అంచు చుట్టూ ఒక చిన్న కాలువ చేసి, దానిలో నీరు పోసి మూతను ఆ నీటిలో దించుతారు. లోపలి గాలి బయటికి వస్తుంది, బయటి గాలి లోపలికి పోదు. మాస్టారికి అది ఎంతో నచ్చింది. కుండలో పనికివచ్చేది మట్టి మాత్రమే కాదు, మట్టి లేని ఖాళీ కూడానన్న భావం లావోత్సు గ్రంథంలో ఒకచోట ఉందనీ, ఊరగాయ పెట్టే ఇల్లాలికి అది ఎవరూ చెప్పనక్కరలేదనీ అన్నారు.

చైనా వస్తువులు తెలుగువారికి కొత్త కావు. కాళిదాసు శాకుంతలంలో ధ్వజానికి చీనాంశుకం కట్టాడు. శ్రీనాథుని హరవిలాసాన్ని అంకితం పుచ్చుకొన్న అవచి తిప్పయ సెట్టి చీనాంబరాల వర్తకుడు కూడా. పెండ్లిలో నేటికీ ‘చీని చీనాంబరాలు’ అంటాం. తేయాకులోని ‘తే’ చైనా ఆగ్నేయ తీరపు పలుకుబడి. తేనీటికీ తేనెకూ సంబంధం లేదు. పంచదారను హిందీవారు చీనీ అంటారు. చిత్రమేమిటంటే చెరకురసం కాచే విద్యను నేర్చి రమ్మని 647 ప్రాంతంలో చైనా చక్రవర్తి తైజోంగ్ మన మగధకే మనుషులను పంపాడు. ఇక్కడి విద్య అక్కడికి పోయి, ఆ దేశపు పేరు తగిలించుకొని తిరిగివచ్చింది.

అదే సంవత్సరం అదే చక్రవర్తి మరొక పని కూడా తలపెట్టాడు. మాస్టారు ఆ రోజంతా దాచి ఉంచి, శాలిహుండం కొండ మీద చెప్పినది అది.

శాలిహుండం శ్రీకాకుళానికి ఇంచుమించు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, గార మండలంలో, వంశధార దక్షిణపు గట్టున ఉంది. ఆటో దిగి మెట్లెక్కితే ఇటుక స్తూపాలూ, చైత్యగృహాల పునాదులూ ఒకదాని పైనొకటి కొండవాలు మీదుగా కనిపిస్తాయి. తార, మారీచి విగ్రహాలు ఇక్కడ దొరికాయి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్ది నుంచి క్రీస్తుశకం పన్నెండో శతాబ్ది దాకా ఇక్కడ బౌద్ధం ఏదో ఒక రూపంలో నిలిచి ఉన్నదంటారు. 1919లో ఈ స్థలాన్ని గుర్తించి లోకానికి తెలిపినవాడు గిడుగు వెంకట రామమూర్తి. వాడుకభాష కోసం పోరాడినవాడిగా, సవరభాషకు నిఘంటువు కూర్చినవాడిగా విద్యార్థులకు ఆయన తెలుసు. నోళ్లలోని మాటను వెదకినవాడే మట్టిలోని ఇటుకనూ వెదికాడు. కొండ మీదినుంచి చూస్తే ఒక పక్క వంశధార వంపులు, దూరాన కళింగపట్నం వద్ద అది సముద్రంలో కలిసేచోటు కనిపిస్తాయి.

నదిని చూసి మనవరాలు చెంగ్డూ సమీపంలోని దుజియాంగ్‌యాన్‌ను తలచుకొంది. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి అక్కడ మిన్ నదిని మళ్లించాడు. ఆనకట్ట కట్టలేదు. నది నడుమ చేపమూతి ఆకారంలో ఒక దిబ్బ నిలిపి ప్రవాహాన్ని రెండుగా చీల్చాడు. కరవులో ఎక్కువ నీరు పొలాలకూ, వరదలో ఎక్కువ నీరు నదికీ పోయే ఏర్పాటు. ఆ కాలువలు ఇప్పటికీ చెంగ్డూ మైదానాన్ని తడుపుతున్నాయి. నీటికి ఎదురు నిలవకుండా నీటితో పని చేయించుకోవడం: తావో మతస్థులు చెప్పే ‘వూవెయ్’ ఇదేనని అక్కడి ఉపాధ్యాయుడు వివరించాడట. వూవెయ్ అంటే సోమరితనం కాదు. బలవంతం లేని క్రియ. దీన్ని గీతలోని నిష్కామకర్మ అనీ, తావోను పరబ్రహ్మమనీ మన వ్యాఖ్యాతలు కొందరు చటుక్కున తేల్చివేస్తారు. అలా తేల్చితే చదవవలసిన శ్రమ తప్పుతుంది. గీతలోనిది ఫలాన్ని గురించిన మాట, ఇది పని తీరును గురించిన మాట.

సరిగా ఈ చిక్కే హ్యుయాన్‌త్సాంగ్‌కు ఎదురైంది. ఆయన 645లో స్వదేశానికి తిరిగివెళ్లాడు. ఆజ్ఞ మీరి పోయినవాడిని చక్రవర్తి శిక్షించలేదు, సన్మానించాడు. తెచ్చిన ఆరువందల యాభైయేడు గ్రంథాలను అనువదించే పనిలో ఆయన మునిగి ఉండగా, 647లో కొత్త ఆజ్ఞ వచ్చింది. కామరూప రాజు భాస్కరవర్మ లావోత్సు గ్రంథాన్ని సంస్కృతంలో కోరుతున్నాడు, అనువదించి పంపాలి. తాంగ్ వంశపు రాజులు తాము లావోత్సు వంశీయులమని చెప్పుకొనేవారు కనుక ఇది వారికి గౌరవ సమస్య. తావో పండితులు కొందరిని ఆయనకు తోడిచ్చారు. వివాదం ఆ మతానికి ఆయువుపట్టయిన మాట దగ్గరే మొదలైంది. తావో అన్న మాటకు ‘బోధి’ అని రాయాలని వారు పట్టుబట్టారు. బౌద్ధులకు అంతకన్న గొప్ప మాట లేదు కదా, అది తమకూ దక్కాలని వారి కోరిక. హ్యుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు. బోధి అంటే మేల్కొనడం. తావో అంటే మీ భాషలో దారి. దారికి సంస్కృతంలో మాట ‘మార్గ’. అదే రాస్తానన్నాడు. వారు వాదించారు, ఆయన కదలలేదు. ఆ సంస్కృతానువాదం నేడు లభించదు. ఆ వాదం మాత్రం సమకాలికుడైన ఒక భిక్షువు రాసిపెట్టడం వల్ల మిగిలింది.

“ఎవరు గెలిచారంటారు, తాతగారూ?”

“హ్యుయాన్‌త్సాంగే. అనువాదకుడు ఎదుటివాడికి కిరీటం పెట్టకూడదు, ఉన్న తలపాగా తీసివేయకూడదు. వాళ్లది దారి అన్న మాట. దారి అనే చెప్పాలి.”

మనవరాలు కొంచెంసేపు మాటాడలేదు. తరువాత సీసాలోని నీళ్లలో వేలు ముంచి, ఎండకు కాలిన రాతిమెట్టు మీద ఒక అక్షరం రాసింది. చెంగ్డూ ఉద్యానవనాల్లో వృద్ధులు పొద్దున్నే పెద్ద కుంచెలు నీటిలో ముంచి నేలమీద ఇలాగే రాస్తారట. రాసిన పద్యం పూర్తయ్యేలోగా మొదటి పాదం ఆరిపోతుందట.

“ఇదే ఆ అక్షరం. పాత పుస్తకాల్లో తావో అని రాస్తారు, మేం దావ్ అని పలుకుతాం. వీధి పలకల మీద ఉంటుంది, రోడ్డు అన్న మాటలో ఉంటుంది. ఇంకొక చోట కూడా ఉంది, తాతగారూ. ‘నాకు తెలుసు’ అనాలంటే ‘జీదావ్’ అంటాం. రోజుకు వందసార్లు అనే మాట. జీ అంటే ఎరగడం, దావ్ అంటే దారి. దారి ఎరగడమే తెలియడం. అప్పుడు మేలుకొనడమన్న ఆ పండితుల మాట పూర్తిగా తప్పంటారా?”

మాస్టారు రాతి మీది తడి ఆరిపోవడం చూస్తూ ఉండిపోయారు. అక్షరంలో ఎడమవైపు గీత నడకను సూచిస్తుందనీ, కుడివైపుది తల అనీ ఆమె వివరించింది. తెలుగులోనూ ఏమీ తెలియనివాడిని దారీతెన్నూ ఎరగనివాడంటాం. మన ప్రాచీనకవులు సంస్కృత సంప్రదాయాన్ని మార్గమనీ, తెలుగు నుడికారాన్ని దేశి అనీ అన్నారు; నన్నెచోడుడు ఆ భేదాన్ని ఎత్తిచూపాడు. నలభై ఏండ్లు పాఠం చెప్పిన మాస్టారికి మార్గమనే మాట ఈ కొస నుంచి కనబడడం అదే మొదలు. హ్యుయాన్‌త్సాంగ్ భిక్షుదీక్ష పూర్తిగా స్వీకరించినది కూడా చెంగ్డూలోనే, 622లో, అని ఆయన చెప్పినప్పుడు ఆశ్చర్యపడడం మనవరాలి వంతయింది. ఒకటిన్నర సంవత్సరం ఆ నగరంలో తిరిగినా ఆ సంగతి ఆమెకు తెలియదు.

శ్రీకాకుళం తిరిగి చేరేసరికి దీపాలు పెట్టారు. ఏడు రోడ్ల కూడలి దగ్గర నూడిల్స్ బండి ముందు మనవరాలు ఆగింది. పెద్ద మూకుడు కింద మంట బుసకొడుతోంది. బండి నడిపే కుర్రవాడు హైదరాబాదులో పని నేర్చి ఇల్లు చేరినవాడు. చైనా నుంచి వచ్చిందని తెలిసి, “అక్కా, మన మంచూరియా అక్కడి దానిలాగే ఉంటదా?” అని ఆశగా అడిగాడు.

అక్కడ ఆ వంటకం పేరే ఎవరికీ తెలియదని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. కలకత్తాలో పుట్టిపెరిగిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1970లలో బొంబాయిలో దాన్ని రూపొందించాడంటారు. మంచూరియా దేశానికి అందులో పేరు తప్ప మరేమీ లేదు. “అక్కడిదాని కన్న ఇదే కారంగా ఉంది తమ్ముడూ” అన్నది. అది అబద్ధం కాదు. మాస్టారు ప్లాస్టిక్ ముల్లుగరిటెను పక్కన పెట్టి, వేళ్లతోనే రెండు నూడిల్స్ పోగులు నోటపెట్టుకొని చూశారు. “సేమియా ఉప్మాకు నూనె ఎక్కువైనట్టుంది” అన్నారు. రెండో పిడికిలి కూడా తిన్నారు.

టీ చేతికి వచ్చే వేళకు ఇంటినుంచి ఫోను మోగింది. మనవరాలు పేరు చూసి ఆయనకే అందించింది. మాస్టారు చేతులు కడుక్కొని, కండువాతో తుడుచుకొని, తీరిగ్గా తీసుకొన్నారు. అవతలి మాటలు వినబడవు. చాలాసేపు ఆయన ఊఁ కొడుతూ ఉన్నారు. కూడలిలో ఏడు వైపుల నుంచీ వాహనాలు ఒకదానికొకటి దారి ఇవ్వకుండా మోతపెడుతున్నాయి.

“జబ్బు భయం నాకూ ఉందమ్మా,” అన్నారు చివరికి. “రెండున్నరేళ్లు ఇంట్లో ఉంచాం. రోగిని ముట్టుకోకుండా డాక్టరవడం కుదరదు. కాగితాలు రేపు సంతకం పెట్టించు. ... లేదు, అది ఏడవడం లేదు, ఇక్కడే ఉంది, టీ తాగుతోంది. ఆవకాయ మాత్రం ఈసారి జాడీలో వద్దు, విమానంలో పగులుతుంది, డబ్బాలో సర్దు. వాసెన గుడ్డ రెండు మడతలు వెయ్యి.”

ఫోను తిరిగి ఇచ్చి, విజయనగరం బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి ఆయన కాంప్లెక్సు వైపు నడిచారు.